నీలిమందు

చిట్టినగర్ సొరంగం పక్క నుంచి
నూట పన్నెండు మెట్లెక్కి
బిల్లు నా చేతిలో పెట్టి
మంచినీళ్లడిగాడు కుర్రాడు.
ఇచ్చాను. తాగాడు.
అప్పుడు చూశాను అంకె.
పదహారొందల నలభై.
పోయినసారి ఏడొందల చిల్లర.
గ్లాసు వెనక్కి తీసుకుంటుంటే
అడుగున మిగిలిన గుక్కకి
వెల కట్టింది నా కన్ను.

రేటు పెంచారా బాబూ?
పెంచారమ్మా, కొద్దిగా.
దానికే ఇంత రాదు, మీటరు తిరిగింది.
వాడకం గీత దాటితే
ఆపైన ప్రతి బిందే ప్రియమే.
చెప్పి, దిగిపోయాడు.
దిగడానికేం, తేలికే.

మీటరొకటి, వాటాలు మూడు.
కింద మేము.
నడిమింట్లో బైండింగ్ షాపు భూషణం,
ఒంటి మనిషి, వేళ్లకెప్పుడూ మైదా జిగురు.
పైన మస్తాన్‌బీ, మంచం దిగని వాళ్లత్త.
రోజూ రెండు దుప్పట్లుతుకుతుంది.
దండెం మీంచి అవి
నా గుమ్మం ముందే కారుతుంటాయి
టప్ టప్‌మని.

ఇంకేం, లెక్క తేలిపోయింది నాకు.
మెట్ల మీద ఎదురైతే అనేశాను,
"నీళ్లు ఊరికే వస్తున్నాయనుకుంటున్నారు కొందరు."
కొందరు అన్నాను. పేరెత్తలేదు.
పేరెత్తకపోతే తిట్టు కాదని
నాకెవరు నేర్పారో.

మర్నాటి నుంచి దండెం మీద ఒకటే దుప్పటి.
పైనుంచి ఫినాయిలు వాసన.

మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మీద మనిషి,
చెవితో కన్నా వేలితో వింటాడు.
ఆ రాత్రి పదకొండింటికి
మూడిళ్ల కుళాయిలూ కట్టించి
సెల్లు లైటు వేసి
మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు.
అద్దం కింద ఎర్ర చక్రం,
కందిబద్దంత ఉంటుందేమో,
తిరుగుతోంది.
ఎవరూ తాగట్లేదు, ఎవరూ ఉతకట్లేదు,
కొండంతా పడుకుంది,
అది మాత్రం డ్యూటీలో ఉన్నట్టు
నింపాదిగా తిరుగుతోంది.

పై వాటా వాల్వు తిప్పాడు. తిరుగుతోంది.
నేను ఊపిరి బిగబట్టాను.
భూషణం వాల్వు. తిరుగుతోంది.
మాది తిప్పాడు.
కాసేపు తటపటాయించి
ఆగింది.

ఆయన నా వైపు చూడలేదు.
చూసినా బావుండేది.

ఫ్లష్ ట్యాంకు మూత తీసి
నాలుగు చుక్కలు నీలిమందు వేశాం,
వాల్వు విప్పి, తలుపుకి గొళ్లెం పెట్టాం.
అరగంటాగి చూస్తే
తెల్ల పింగాణీ మీద సన్నగా నీలం తీగ,
మా అమ్మ మణికట్టు మీది నరంలా,
చప్పుడు లేకుండా
ఎన్నాళ్లుగా పారుతోందో.

పొద్దున్నే పాతది ఊడదీస్తే
అరిగిన రబ్బరు బిళ్ల, అప్పడంలా వంకర.
కొత్తది తొంభై రూపాయలు.

సచివాలయంలో బిల్లు తప్పని పోట్లాడలేదు.
నీళ్లు పోయిన మాట నిజమేగా.
రెండు వాయిదాల్లో కడతామంటే
కాగితం రాసిమ్మన్నారు, రాశాం.
పెరిగిన సొమ్మంతా మా వాటాలోనే వేసుకున్నాం.
ఇప్పుడు ఆదివారం ఆదివారం
పాల లెక్క పక్కన, క్యాలెండరు మీద
మీటరు అంకె రాస్తాను.
ఫిల్టరు వదిలే నీళ్లు బకెట్లోకి పట్టి
గచ్చు తుడుస్తాను.
భూషణం కూడా జిగురు చేతులు
మగ్గుతో కడుక్కుంటున్నాడు,
ఎవరూ చెప్పకుండానే.

రాత్రిళ్లు మెట్ల మీద కూర్చుంటే
దూరంగా బ్యారేజీ దీపాలు కనిపిస్తాయి.
ఆ గేట్ల కింద ఎంత పోతుందో
లెక్క కట్టే వాళ్లున్నారంట.
నా గోడ వెనక పోయింది
నాకు తెలీలేదు.

సీసాలో నీలిమందు సగం మిగిలింది.
పైకి పట్టుకెళ్లాను,
దుప్పట్లకి పనికొస్తుందని.
వేరే మాట ఒకటి అనుకునే ఎక్కాను,
ఆఖరి మెట్టు దగ్గర
అది నోట్లోనే ఉండిపోయింది.
మస్తాన్‌బీ సీసా అందుకుంది,
వెలుతురుకెత్తి చూసింది,
లోపలికెళ్లి గ్లాసుతో వచ్చింది.
అంచుదాకా పోసింది,
చేతి మీద ఒలికేంత.

తాగాను.
అడుగున ఏమీ మిగల్చలేదు.