చీటీల వచ్చిన పక్షం

సుబేదారి కాలేజీ, ఎకనామిక్స్ గది,
కిటికీకి అద్దం పోయినకాడ అట్టముక్క.
సారు టిఫిన్ డబ్బా మూతల ఆరు చీటీలు.
నేను తీసిన దాంట్ల ఇట్ల రాసుంది:
'అవును. ఆడ, మగ పుట్టుకను బట్టి తెలివి మారుతుంది.'
వెనక బెంచీలల్ల నవ్వు.
మార్చుకుంటవా అన్నడు రాజమొగిలి,
వానికి 'కాదు' వచ్చింది.
మార్చుకోనన్న.
పద్దెనిమిదేండ్ల పొగరు,
ఏ పక్షమిచ్చినా గెలుస్తనని.

మూడు రోజులు లైబ్రరీల కూసున్న.
మెదడు బరువులు, గ్రాములల్ల.
చదరంగం గెలిచినోళ్ల పేర్లు,
లెక్కలు కనిపెట్టినోళ్ల పేర్లు,
అన్నిటికీ మీసాలే.
బొమ్మను మనసుల తిప్పి చూడుమంటే
మగపిల్లలు జల్ది తిప్పుతరట.
మాటలు మాత్రం ఆడపిల్లలకే ముందొస్తయట.
రెండోది దాచిపెట్టిన.
ఏది చెప్పొద్దో తెలుసుడే వాదన
అనుకునే వయసది.

రాజమొగిలి పాపం నమ్మి మాట్లాడిండు.
నమ్మినోనికి తడబాటెక్కువ.
వాళ్ల అక్క బడి ఆగిపోయిన ముచ్చట చెప్పబోయి
గొంతు పట్టుకపోయి
నీళ్లు తాగి కూసున్నడు.
నేను లేచి గ్రాములు చెప్పిన.
'అక్కల ముచ్చట్లు రుజువులు కావు' అన్న.
చప్పట్లు.
'చూడండి, ఈ అమ్మాయి ఎంత తెలివిగా మాట్లాడిందో!'
జడ్జి అన్నడు,
తన మాట తనకే ఇనబడనట్టు.
స్టీలు కప్పు చేతికిచ్చిండ్రు.

ఏనుమాముల నుంచి అమ్మ వచ్చేసరికి ఎనిమిదైంది.
పొద్దంత మిర్చి తొడిమలు తీసిన చేతులు
కొబ్బరినూనెల ముంచి కూసుంది.
'కప్పెందుకిచ్చిండ్రు బిడ్డా?'
చెప్పిన. ఆడోళ్ల మెదడు సగటున బరువు తక్కువని
చెప్పి గెలిచిన అని.
'సగటంటే?'
అందరిదీ కలిపి అందరికీ సమంగ పంచితే వచ్చేది.
అమ్మ జరసేపు సోంచాయించింది.
'మరి నీది జోకిండ్రా?'

నేను కప్పు దిక్కు చూసిన.

'యార్డుల ఎన్ని వేల బస్తాలుంటయే!
నిన్నటి సగటు ధర గింతని
ఇయ్యాల నా బస్తా ఇప్పకుండనే పాట పాడితే
ఊకుంటరా రైతులు? కాంటాలు పలుగుతయి.
తాలుదో, ఎర్రదో,
మోచేతి దాంక చెయ్యి పెట్టి తీసి చూస్తరు.
కాయల నెమ్ము చూసేటోళ్లున్న ఊళ్లె
మనిషిని మూటగట్టి పాటవెడ్తరా?'

అన్నం తినుకుంట ఇంకోమాట అన్నది:
'బరువే తెలివైతే
ఎదురింటోళ్ల బర్రె డిగ్రీ పాసు గావాలె.'
కప్పుల ఉప్పు పోసి,
దీనికి మూత లేదని గొణిగింది.

ఇరవై ఆరేండ్లాయె.
హన్మకొండల స్టాటిస్టిక్స్ చెప్తున్న.
బోర్డు మీద రెండు గీతలు గీస్త,
ఒకదాని మీదికొకటి జారి కలిసిపోయిన
రెండు మిర్చి కుప్పలోలె.
కొనలు జరంత అటో ఇటో జరగొచ్చు.
ఎందుకు జరిగినయి, పుట్టుకనా, పెంపకమా,
కొట్లాడుండ్రి, కొలువుండ్రి, నేనూ కొలుస్త.
ఆ ప్రశ్న అడిగినందుకు ఎవరి నోరూ మూయించను.
ఉత్తగ, నడిమిట్లకెల్లి ఒక్క కాయ తీసిచ్చి
ఇదే కుప్పదో చెప్పుమంట.
ఎవ్వరూ చెప్పలేరు.

గీ దాంక మంచిగనే ఉంటది పాఠం.

నిన్న గుగులోతు అఖిల
బోర్డు కాడ లెక్క నడుమ ఆగిపోయింది.
చాక్‌పీసు చెమటకు మెత్తబడుతున్నది.
ఆ రెండు నిమిషాలల్ల
నా తలకాయల ముందుగాల లేచిన వాక్యం
నాదే.
పద్దెనిమిదేండ్ల గొంతు, మైకు గరగర,
గ్రాములు.

మొన్న అదే మెట్టు కాడ సాయితేజ ఆగితే
'రాత్రి చదవలేదేమో' అనుకున్న.
వాడు ఒక్కడే ఆగిండు.
ఈ పిల్ల ఆగితే ఎందరు ఆగిండ్రు నా లోపల!

అఖిల తుడిచింది.
మళ్ల మొదటి గీత నుంచి రాయవట్టింది.
'తొందరేం లేదు, నిమ్మలంగ' అన్న.
ఎవరికి చెప్పిన్నో.