రెండో గీత

కవిటి ఆసుపత్రిలో నా బల్ల మీద
బొటనవేలంత తెల్ల అట్టలు.
ఒక్కో అట్టకి
నెత్తురు మీద తేరిన నీరు రెండు చుక్కలు,
పదిహేను నిమిషాల ఓపిక.

డయాలసిస్ మంచమెక్కే ముందు
ప్రతి ఒక్కరూ నాకు చెయ్యి చాపాలి.
హరిబంధుది కొబ్బరిచెట్లు ఎక్కిన చెయ్యి.
చర్మం బెరడు కట్టింది,
నరం నాతో దాగుడుమూతలాడింది.

మొదటి గీత వచ్చింది.
అట్ట బాగానే పనిచేస్తోందని చెప్పే గీత అది.
రెండోది రాకూడదు.
వచ్చింది.
దూరాన తెరచాపలా ఉందా లేదా అన్నట్టు,
కాసేపటికి, ఎర్రగా.

గున్నమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి
"రెండు గీతలే!" అని నవ్వేసింది.
ఆమెకి తెలిసిన అట్ట ఒక్కటే,
మొన్న కోడలు సిగ్గుపడుతూ తెచ్చి చూపించింది.
ఆ నవ్వుని ఎలా ఆపాలో
నా చదువులో ఎక్కడా లేదు.

"కామెర్లా అమ్మా? పసరు పోయించీమా?
మరి కళ్ళు తెల్లగానే ఉన్నాయి గదా!"
కళ్ళు తెల్లగానే ఉంటాయి.
ఏళ్ళ తరబడి కాలేయంలో కూచుని
దగ్గదు, తుమ్మదు.

"నానేటి పాపం సేసినాను?" అన్నాడు హరిబంధు.
పాపానికి నా దగ్గర పరీక్ష లేదు బాబూ.
ఒకే సూది ఊరంతా తిరిగిన రోజులదో,
ఎవరి గడ్డమో గీసిన కత్తిదో,
పుట్టిన పూట తల్లి నెత్తుటిదో,
అట్ట చెప్పదు.
దాని మాట ఒక్కటే నమ్మకూడదని
ఇంకో గొట్టం శ్రీకాకుళం పంపాను.

గున్నమ్మ నెత్తురూ తీశాను.
మూడు పేర్లు రాశాను చీటీ మీద.
నోరు తిరగని పేర్లు.
ఉద్దానంలో పుట్టినదానికి
ఎలుగుబంటి భాషే నయం.

"జీడితోటలో ఎలుగే కనబడితే, అది మొదటి పరీక్ష.
ఇసకలో దాని అడుగు కనబడితే రెండోది,
ఇప్పుడుందో పోయిందో గానీ
ఒకనాడు తోట తొక్కిందని.
ఎలుగుని ఎరిగిన కుక్క గుమ్మంలో ఉంటే మూడోది."

వారానికి కాగితం వచ్చింది.
ఆయన తోటలో ఎలుగు ఉన్నమాట నిజం.
ఆమె తోటలో ఎలుగు లేదు, అడుగు లేదు,
కుక్కా లేదు.

"టీకాలో ఆ జబ్బే ఎక్కిస్తారంట గదా?"
లేదు. ఎలుగుని తేం.
దాని బొచ్చు వాసన మాత్రం చూపిస్తాం కుక్కకి.
ఈరోజు ఒకసారి, నెలకి ఒకసారి,
ఆరో నెలలో మరోసారి.

కంచం వేరుచెయ్యక్కర్లేదు.
పక్కన కూచోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు.
బ్లేడు మాత్రం ఆయనది ఆయనకే.
కోడలికీ ఈ పరీక్ష చేయించండి,
బిడ్డ పుట్టిన రోజు దాటకుండా మొదటి సూది.
రాత్రి వరకూ ఉండే ఆ మాటలు
ఆమె చెంగున ముడేసుకుంది
మందుల చీటీతో పాటు.

మూలనున్న ఐదో మిషన్ ఆయనకి కేటాయించారు.
"ఎలేసినట్టేనా?" అన్నాడు.
ఆ మిషన్ తాగేది నీ నెత్తురు,
నీ పేరూ నీ మాటా కాదు అన్నాను.
నమ్మాడో లేదో.
నాకూ ఆ మూల చూస్తే కొంచెం గుండె పట్టేస్తుంది.

నా సంగతీ చెప్పాలి.
మూడు సూదులయ్యాక నా లెక్క ఏడు.
పది దాటితే గానీ కాపలా కింద లెక్కకాదు.
నా కుక్క నిద్రమొహంది.
మళ్ళీ మొదటినుంచి మూడు వేయించుకున్నాను,
అప్పటికి మొరిగింది.

మూడో సూది పడిన నెలన్నరకి
పనసతొనలు కాగితంలో చుట్టి తెచ్చింది గున్నమ్మ.
ఒళ్ళో మనవరాలు,
ఎడమ తొడ మీద చిన్న దూది.
చెయ్యి తనే చాపింది.

నాలుగో రోజు, ఐదో మిషన్ పక్కన స్టూలు మీద కూచుని
భర్త నోటికి ఒక తొన, తన నోటికి ఒక తొన,
ఎక్కువొద్దని నర్సు అరుస్తుంటే
నన్ను చూసి గట్టిగా అడిగింది:

"ఏటమ్మా, నా కుక్క అరిసిందేటి?"

రెండువందల పద్నాలుగు.