జాన

లావోస్ కొండల్లో వాన తెరిపిచ్చిన పూట
ఎలుగుల ఆశ్రయానికి గోడ లేస్తోంది.
ఇసుక తట్టలు చేతులు మారుతున్నాయి.
పొరుగూరి టీచరమ్మ విలైఫోన్
సిమెంటులో నీళ్లెక్కువయ్యాయని
తనని తనే తిట్టుకుంటోంది.

వెల్డింగు ముసలాయన సీథాట్ మాత్రం
ఎవరితోనూ మాట్లాడడు.
ఒకప్పుడు, పిత్తం తీసే బేరగాళ్లకు
బోనులు చేసిచ్చిన చేతులవి.
నాలుగు జానలు అడ్డం, ఆరు జానలు పొడవు.
లోపలున్నది ఒత్తిగిల్లకూడదు,
అదీ ఆర్డరు.

ఇవాళ కంచె కొలవమన్నాం.
అలవాటుగా జాన చాపాడు.
ముడిచేశాడు.
టేపు కొస పట్టుకుని నడిచాడు
వెదురు పొదలు దాటి, వాగు దాటి.
టేపు అయిపోయింది.

కనబడనంత దూరం నుంచి కేకేశాడు:
"ఇంకా ఉందా?"

ఉంది, తాతా.
నడువు.