ఒక కాలి బూటు

మిన్ నది మీద వంతెన దాటగానే
ఇనుప సామాన్ల కొట్టు పైన రెండో అంతస్తు.
మెట్లెక్కుతుంటేనే మాచిపత్రి పొగ,
మట్టికుండలో అతిమధురం ఉడుకుతున్న వాసన.
కుండ కింద మంట నా పని.
సూదులు మా హావ్ సుయున్ డాక్టరమ్మవి.

పాంగ్ దెషున్ కంకర లారీ నడుపుతాడు.
కొండ విరిగిపడి ఆరేళ్లు.
ఆరేళ్లుగా బూట్లతోనే పడుకుంటాడని
వాళ్ల వదిన నా చెవిలో చెప్పి వెళ్లింది.
కూర్చోమంటే కూర్చోడు,
కాలుగాలిన పిల్లిలా గది నాలుగు మూలలూ తిరిగాడు.

డాక్టరమ్మ ఏం జరిగిందని అడగలేదు.
మంచాన్ని ఈడ్చి
తలుపు కనబడేలా తిప్పింది.
"గడియ పెట్టం," అంది.
"వద్దంటే ఆపేస్తాను.
నోరు రాకపోతే వేలెత్తు, చాలు."

నాలుక చూపించమంది.
చూపించాడు, బడిపిల్లాడిలా కళ్లు మూసుకుని.
అంచుల నిండా పంటి గాట్లు.
ఏదో మాటని ఇన్నాళ్లూ
లోపలే కొరికి పట్టుకున్నాడన్నమాట.
మణికట్టు మీద మూడు వేళ్లుంచి
చాలాసేపు ఊరుకుంది.
నాడి, సరుకు మీద బిగించిన మోకులా ఉందట.

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే,
మా దగ్గర అది సామెత కాదు, దారి.
పాదం మీద, బొటనవేలికీ పక్కవేలికీ నడుమ
ఆ మంట దిగే మెట్టు ఒకటుంది.
ఆ మెట్టేమో బూటులో ఉంది.
నేను లేసుల వైపు చూశాను.
ఆమె నా వైపు చూసింది.
నేను కుండ దగ్గరికి పోయాను.

ప్రస్తుతానికి చెవి చాలంది.
ఒక్కో సూదికీ ముందు అడిగేది:
"ఇక్కడ పెట్టనా?"
ఒకసారి ఊ. ఒకసారి వేలు.
ఒక మంగళవారం ఒక్క సూదీ పెట్టనివ్వలేదు,
ఎండు కమలాతొక్కల టీ తాగి వెళ్లిపోయాడు.
ఖాతాలో ఏం రాయనంటే
వైద్యం అని రాయమంది.

పదకొండో వారం
కిటికీ కింద సిమెంటు లారీ పోయింది.
గాజు పలకలు గడగడలాడాయి.
చెవిలో సూదులతో సగం లేచాడు.
తలుపు చూశాడు. తలుపు అక్కడే ఉంది.
మళ్లీ కూర్చున్నాడు.
వంగి
ఎడమ బూటు లేసు లాగాడు.

"చీకట్లో బూట్లు వెతుక్కున్నాను," అన్నాడు.
"ఎంతోసేపు కాదు.
అన్న అప్పటికింకా పిలుస్తున్నాడు."

కుండ పొంగింది. నేను కదల్లేదు.
డాక్టరమ్మ అయ్యో అనలేదు,
నీ తప్పు కాదనీ అనలేదు.
ఉడికిన ముల్లంగిలా పాలిపోయిన ఆ పాదాన్ని
అరచేతుల్లోకి తీసుకుని
వెచ్చబడేదాకా ఆగి, అడిగింది:
"ఇక్కడ?"

వెంట్రుకంత సూది.
బావిలో చేద నీళ్లని తాకినప్పుడు
తాడుకి తెలిసే బరువు
ఆమె వేళ్లకి తెలిసింది.
నాకు ఆమె మొహంలో తెలిసింది.

తర్వాత గురక,
ఘాటు ఎక్కుతున్న లారీలా గేర్లు మారుస్తూ.
గడియారం వైపు ఎవరం చూడలేదు.

నయమైందా అని అడక్కండి.
కుడి బూటు ఇంకా కాలికే ఉంది, రెండు ముళ్లతో.
నేను చేసిందల్లా
మాడిన కషాయం పారబోసి,
ఎడమ బూటుని మంచం పక్కన
చెయ్యి జారితే అందేచోట
లేసు వదులు చేసి పెట్టడం.