మూల లేని ఉత్తరం

ఆంట్వెర్ప్‌లో వాన. ట్రాము తీగల మీద,
వజ్రాల వీధిలో సగం దించిన షట్టర్ల మీద.
హెండెల్ గ్రూన్‌స్టైన్ గొడుగు మడిచి
బిస్కెట్ల డబ్బా నా బల్ల మీద పెట్టింది.
మూత బిగుసుకుపోయింది, చెంచా అడిగింది.

లోపల, ఇస్త్రీ చేసిన చేతిగుడ్డలో,
నాలుగు మడతల కాయితం.
"జ్లోతివ్కా రబ్బీ చేతిరాత" అంది,
నిద్రపోతున్న దాన్ని లేపకూడదన్నట్టు.

పాత కాయితాలకు ధర కట్టడం నా పని.
మా నాన్న వజ్రాల్లో మచ్చలు వెతికిన భూతద్దమే
నేనూ వాడతాను.
సిరా అసలుదే. రాత తొందర తొందరగా ఉంది,
వాకిట్లో ఇంకో నలభైమంది నిలబడి ఉన్నట్టు.

"ఫ్రూమె కొడుకు జిస్కిండ్‌కి
తలుపు తెరుచుకోవాలి, త్వరగా."

అంతే. ఏ తలుపో రాయలేదు.
దీవెనలో తండ్రి పేరు చెప్పరు మావాళ్ళు,
నొప్పులు పడ్డ మనిషి పేరే చెప్తారు.

నేను రాసుకున్నాను:
మడతల దగ్గర అరుగుదల. ఒక నూనె మరక.
ఎడమ కింది మూల లేదు. సంతకం సగమే.
"ధర మూడో వంతుకి దిగిపోతుందమ్మా" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు.
"ఆ మూల మా నాయనమ్మ కత్తిరించింది.
ముప్పైయేడు చలికాలం. మంచు నడుము దాకా.
డాక్టరు పక్క ఊళ్ళో.
పిల్లాడికి డిఫ్తీరియా, గొంతు మూసుకుపోతోంది.
దేవుడి పేరున్న వరస జోలికి పోలేదావిడ.
కత్తెర పట్టుకుని చాలాసేపు ఆగి,
రబ్బీ పేరులో సగం కోసి
వేడిపాలలో నానబెట్టి తాగించింది.
తెల్లారేసరికి ఊపిరి లోపలికి పోయింది.
పాల వల్లో, దేనివల్లో, నేనేం చెప్పను?
ఆ పిల్లాడు మా నాన్న."

భూతద్దం కింద పెట్టేశాను.
కత్తిరించిన అంచు తిన్నగా లేదు,
ఒకచోట కత్తెర వణికింది.

"మరి ఎందుకు అమ్మడం?"
"మనవడికి చెవిలో మెషిన్ పెట్టాలి.
ఒక చెవికి బీమావాళ్ళు ఇచ్చారు, రెండోదానికి ఇవ్వరట.
నాయనమ్మ ఒక మూల వాడింది,
నేను మిగతాది వాడుతున్నాను."

ఆ రాత్రి కేటలాగులో 'లేదు' కొట్టేసి
'ఖర్చయింది' అని రాశాను.
పొద్దున మా యజమాని మళ్ళీ 'లేదు' అని దిద్దాడు.

వేలంలో ఫోనులో ఎవరో కొన్నారు,
నేననుకున్న దానికి రెట్టింపు.
మా వీధిలో బేరం కుదిరితే చేతులు కలిపి
'మజల్ ఉ బ్రాఖా' అంటారు, అదృష్టమూ దీవెనా అని,
అమ్మింది గులకరాయైనా సరే.
ఫోనులో చేతులెక్కడివి?
నా కుడిచేతిని నా ఎడమచేత్తోనే పట్టుకున్నాను.

హెండెల్ చెక్కు తీసుకుని వెళ్తూ
బిస్కెట్ల డబ్బా వెనక్కి అడిగింది.
శుక్రవారం రొట్టె చేస్తుందట,
మిగిలినవి దాచుకోవడానికి కావాలి.