కొలతల పుస్తకం

ఆరు నెలలు చినుకు లేదు.
ధలేశ్వరి ఒడ్డున బోర్లించిన పడవల మీద
తారు పగిలి పెచ్చులూడింది.
శుక్రవారం మైదానంలో మగవాళ్లంతా
చొక్కాలు తిరగేసి తొడుక్కుని నిలబడ్డారు,
కుట్లు పైకి, జేబులు బయటికి,
అరచేతులు నేలవైపు.
వాన కోసం అలా అడగాలట.

మా దర్జీ మొతాలిబ్ ఖలీఫా మాత్రం
కళ్లు మూసుకోలేకపోయాడు.
ఊరందరి కుట్లూ ఒక్కసారే బయటపడితే
ఏది తన చేతిది, ఏది బజారుదని లెక్కేసుకున్నాడట.
నవ్వుతూ చెప్పాడు.
అదే ఆఖరి నవ్వని నేననను.
తర్వాత కూడా నవ్వాడు, చాలా ఏళ్లకి.

నాకు పదేళ్లు. గుండీలు కుట్టే పని.
పండక్కి ఇంకా పదకొండు రోజులు.
మిషను పక్కన పుస్తకంలో నూట నలభై పేర్లు,
ఛాతీ, భుజం, చెయ్యి పొడవు, మెడ చుట్టూ.
పిల్లల పేర్ల పక్కన
"రెండంగుళాలు వదులు" అని.
పెరుగుతారు కదా.

ఆ సాయంత్రం షర్బత్తుకి మంచు తెమ్మన్నాడు.
రంపపు పొట్టులో దొర్లించిన గడ్డని
గోనెలో చుట్టుకుని వస్తున్నాను.
పడమర నల్లబడిందంటారు అందరూ.
నేను చూసింది నానిన జనపనార రంగు,
దాని అడుగున ఎక్కడో పొయ్యి వెలుగు.
రైలు చప్పుడంటారు.
మా ఊరికి రైలు లేదు, నాకు తెలీదు.
తెలిసింది మిషనే:
వెయ్యి మిషన్లు
బట్ట లేకుండా తొక్కినట్టు.

రోడ్డు కింది తూములో దూరాను.
మంచుగడ్డని పొట్టకి హత్తుకున్నాను.
ఎంతసేపంటే,
అది నా చొక్కా తడిపినంతసేపు.

బయటికొచ్చేసరికి ఊరు లేదు.
కూలిందనడానికైనా కింద ఏదో మిగలాలి.
ఇంటిమీద కప్పుకున్న రేకులే
ఇళ్లవాళ్ల మీదికి కత్తులై వచ్చాయి.
అజాన్ ఇంకా వినబడలేదు.
ఎవరూ ఉపవాసం విడవలేదు.
అప్పుడు పడింది వాన,
అడిగినంతా, అడిగిన మైదానం మీదే.

తెల్లారి, బడి ఉండేచోట
వరసగా పడుకోబెట్టారు.
కొందరిని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.
కత్తిరింపు బల్ల కింద
పుస్తకం మీద బోర్లా పడి బతికాడు ఖలీఫా.
మెళ్లో టేపుతో వచ్చాడు.
పుస్తకం నాకిచ్చి చదవమన్నాడు.

మోకాళ్ల మీద వంగి
భుజం నుంచి భుజానికి టేపు పెట్టాడు.
"పదహారున్నర. చెయ్యి ఇరవై మూడు."
వెతికాను. ముఖ్లేసుర్ చాచా.
"పన్నెండు. పదిహేను."
హస్నాహేనా తమ్ముడు, తోఫా. రెండంగుళాలు వదులు.
కుండలు చేసే నిరంజన్ పాల్ దగ్గర
పుస్తకం తెరవొద్దన్నాడు.
చక్రం తిప్పి తిప్పి కుడి భుజం
ఎడమ కంటే అరంగుళం ఎక్కువ.
నిరంజన్‌ని నదివైపు మోశారు,
మిగతా అందరినీ మైదానం వైపు.

మూడు రోజులు. అరవై ఒక్క పేర్లు.
ఇద్దరి కొలతలు మాత్రం ఎవరితోనూ కలవలేదు.
దారిన పోయేవాళ్లేమో, చుట్టపుచూపుగా వచ్చారేమో.
ఆ అంకెలు ఆఖరి పేజీలో రాయించాడు,
పేరు రాసేచోట ఒక గీత.

ఇప్పుడు మా రేకుల్ని
పశువుల్లా తాళ్లేసి గుంజలకి కట్టేస్తాం.
ఊరంతటికీ వర్ధంతి ఒకటే రోజు,
ఓదార్చడానికి వెళ్దామంటే
ఖాళీగా ఉన్న ఇల్లు దొరకదు.
ఎంతమంది పోయారని పట్నంవాళ్లొచ్చి అడుగుతారు.
ఎవరి లెక్క వాళ్లు రాసుకుపోతారు.

మిషను నాదైంది, పుస్తకమూ నాదే.
కొత్త ముఖం కొట్టుకొస్తే
కొలిచి, రాసుకునే ముందు
ఆఖరి పేజీ తిప్పుతాను. అలవాటు.
మొన్న ఒకాయన. భుజం పదిహేడు,
మెడ పదిహేనుంపావు,
ఎడమ చెయ్యి కాస్త పొట్టి.
"మీదే ఊరు?"
"ఎందుకూ?" అన్నాడు.
ఏం లేదన్నాను.
చెయ్యెత్తమన్నాను.