పద్నాలుగో గూడు

వర్కుమ్ దాటాక
కాలువలు రోడ్డు కన్నా ఎత్తులో పారుతుంటాయి.
బస్సు కిటికీలోంచి చూస్తే
పడవలు గడ్డి మీద నడుస్తున్నట్టుంటుంది.

బ్యాంకు పంపిన తనిఖీదారును నేను.
సంచిలో రబ్బరు బూట్లు, ట్యాబ్లెట్,
అందులో నూట పన్నెండు గడుల పట్టిక:
లీటరు పాలకి మీథేన్ ఎంత,
ఎకరాకి నత్రజని ఎంత,
అరవై ఏడో గడిలో
గ్రుట్టో గూళ్ళు ఎన్ని.

పచ్చ అప్పు అంటారు దీన్ని.
గూళ్ళు పద్నాలుగుంటే
వీట్స్కె తెర్ప్‌స్ట్రా బాకీ మీద
ఏడాదికి నూటికి పావలా వడ్డీ తగ్గుతుంది.
పదమూడైతే తగ్గదు.
పిట్టలకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

చలికాలం సెనెగల్ వరిమళ్ళలో గడిపి
వసంతానికి ఈ తడి గడ్డిలోకి తిరిగొస్తాయి,
పొడుగు కాళ్ళు, పొడుగు ముక్కు,
తమ పేరు తామే పిలుచుకుంటూ
హాజరు పలికే బడిపిల్లల్లా.

వీట్స్కె ముందు నడిచింది, మోకాలికి కట్టుతో.
గూటికి రెండు వెదురుపుల్లలు పాతి ఉంచింది
కోతయంత్రం తోలే మేనల్లుడు యెల్మర్ కంటికి ఆనేలా.
"జూన్ సగం దాకా కొయ్యం ఇక్కడ.
గడ్డి ముదిరిపోతుంది, ఆవులు మూతి తిప్పుకుంటాయి,
పాలు తగ్గుతాయి. దానికి గడి ఉందా మీ దగ్గర?"
వెతికాను.
లేదు.

గూటికి నాలుగేసి గుడ్లు,
సన్నటి కొసలు లోపలికి తిప్పుకుని, బురద రంగులో.
మేం వంగితే నెత్తి మీద తల్లి గోల.
తొమ్మిదో గూట్లో
పెంకు లోపల్నించి ఎవరో తలుపు తడుతున్నారు.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ట్యాబ్లెట్ నిద్రపోయింది.

పద్నాలుగో చోట పుల్లలు ఉన్నాయి.
వాటి మధ్య గుండ్రటి గుంట,
ఒక పెంకుముక్క, పచ్చసొన మరక.
కంచె గుంజ మీద కాకి
ముక్కు తుడుచుకుంటోంది.

పట్టిక అడిగేది గూళ్ళని. గుడ్లని కాదు,
పిల్లల్ని అసలే కాదు.
"గూడైతే ఉంది కదా" అన్నాను.
అది తినిపోయినదాన్ని కూడా కూడితే
ఆ లెక్కనేమంటారో
కాకికి తెలుసు.

వీట్స్కె వంగి రెండు పుల్లలూ పీకింది.
బూటుకి కొట్టి మట్టి దులిపింది.
"పదమూడు."
"మరి వడ్డీ..."
"నాకూ లెక్కలొచ్చు."

ఆ పావలా అంటే
ఆమెకి ఏడాది పశువైద్యుడి బిల్లు.
వంటింట్లో కాఫీ ఇచ్చింది, ఒక్క బిస్కెట్టుతో,
వెంటనే డబ్బా మూత పెట్టేసింది.
పుల్లలు తలుపు పక్కన నిలబెట్టింది
వచ్చే ఏడాదికి.

ఆకులు రాలే కాలంలో డెయిరీ నివేదిక అచ్చయింది.
నున్నటి కాగితం, ఎనభై ఏడో పేజీ:
మా రైతుల నేలల్లో వేలాది గూళ్ళు.
పిట్ట పేరు చెప్పి పాలమ్ముకోవడం తప్పని అనను,
నా జీతం కూడా ఆ పాల మీది మీగడే.
కానీ పేజీ నిండా ఉన్న ఆ ఫొటోలో
ముక్కు కిందికి వంగి ఉంది.
అది గ్రుట్టో కాదు. వేరే పిట్టేదో.
కింద నాలుగు సంతకాలు.
మూడోది నాది.

ఆ మాట చెబుదామని ఫోన్ చేశాను.
"చూశాంలే" అంది వీట్స్కె.
వెనక పాలమెషీన్ చప్పుడు.
"అన్నట్టు, ఆ తొమ్మిదో గూటివి
నాలుగూ ఎగిరాయి."

దానికీ గడి లేదు.
అచ్చు కాగితం అంచున పెన్సిల్‌తో
నాలుగు గీతలు గీసుకున్నాను.